ఏ సంవత్సరం కోటు అది? 18వ శతాబ్దపు యూనిఫాంలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బల్ల మీద యుద్ధాల ఆట ఆడటానికి పెయింట్ చేసే సప్తవర్ష యుద్ధం (1756–63) నాటి చిన్న సైనికుల బొమ్మల గురించే. యూనిఫాం గైడ్లు కొన్నాక మొదలయ్యే చిక్కులు చాలామందికి ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ప్రష్యా పదాతి రెజిమెంట్ ఒకటి పెయింట్ చేద్దామని రెండు గైడ్లు ముందేసుకున్నాను. వెయిస్ట్‌కోటు (కోటు లోపలి చొక్కా), బ్రీచెస్ (మోకాళ్ల దాకా ఉండే లాగు) తెలుపని ఒకటి అంటే, గడ్డి రంగు పసుపని ఇంకోటి అంటోంది. ల్యాపెల్స్ (ఛాతీ మీద వెనక్కి మడిచిన కోటు పట్టీలు) విషయంలోనూ ఇదే గొడవ. దేన్ని నమ్మమంటారు?

జవాబు: రెండూ సరైనవే అయ్యుండొచ్చు, చెరో ఏటికి. రెజిమెంట్ తొడిగిన బట్ట శతాబ్దమంతా ఒకేలా లేదు. రాజు కొత్త ఉత్తర్వు ఇచ్చినా, రెజిమెంట్ అధిపతి మారినా, దొరికే బట్ట మారినా కోటు మారేది. అందుకే గైడ్ తెరవగానే రంగు కోసం వెతక్కండి. ఆ రంగు ఏ సంవత్సరానిదో రాశారా లేదా అన్నది చూడండి. పుస్తకం అట్ట మీద ‘1740–1786’ అని వేసి, లోపల ఒక్కో రెజిమెంట్‌కు ఒకే బొమ్మ ఇచ్చి, దాని కింద ఏడాది రాయని గైడ్ ఎంత అందంగా ఉన్నా సరే, రంగు తేల్చేటప్పుడు పక్కన పెట్టేయాల్సిందే.

రెండోది, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది. రాజాజ్ఞ ‘ఇలా ఉండాలి’ అని చెబుతుంది. ఆ ఆజ్ఞ ప్రకారం కుట్టిన కోటు సైనికుడి ఒంటి మీదికి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఆ కాలం చిత్రకారుడు కళ్లతో చూసింది గీస్తాడు కాబట్టి దానికి విలువ ఎక్కువ, కానీ అతని ముందున్నది ఒక్క సైనికుడో, ఒక్క కంపెనీయో. తరువాతి తరాల వాళ్లు గీసిన ప్లేట్లు (ముద్రిత చిత్రాలు) మూడో మెట్టు మీద ఉంటాయి. అడాల్ఫ్ మెన్జెల్ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైన్యాన్ని లిథోగ్రాఫులుగా ప్రచురించింది 1850లలో. రిచర్డ్ క్నోటెల్ పుట్టిందే 1857లో. ఇద్దరూ శ్రద్ధగా పనిచేసినవాళ్లే, వాళ్ల బొమ్మలు చూస్తే ఒక సైనికుడు ఎలా నిలబడేవాడో, బెల్టు ఎక్కడ పడేదో బాగా అర్థమవుతుంది. కానీ ఒక రెజిమెంట్ కఫ్ (చేతి చివర మడత) 1757లో ఎరుపా గులాబీనా అన్న తగువుకు వాళ్లను సాక్షులుగా పిలవలేం. ఇవాళ మనం వాడే గైడ్లలో చాలావరకు ఈ ప్లేట్లను చూసి మళ్లీ గీసినవే. కాబట్టి నాలుగు గైడ్లు ఒకే మాట చెప్పాయంటే నలుగురు సాక్షులున్నట్టు కాదు. నలుగురూ ఒకే ప్లేటు చూసి ఉండొచ్చు.

పని ఇలా చేయండి. ఒక నోట్‌బుక్‌లో రెజిమెంట్‌కు ఒక పేజీ పెట్టండి. వరుసగా కాలర్, కఫ్, ల్యాపెల్, టర్న్‌బ్యాక్ (కోటు కింది అంచు వెనక్కి మడత), వెయిస్ట్‌కోటు, బ్రీచెస్, గుండీల లోహం, లేస్ (అల్లిక పట్టీ), టోపీ అంచు, టోపీ పాంపమ్ (ఊలు కుచ్చు) రాసుకోండి. ప్రతి దాని ఎదురుగా రెండు చిన్న గళ్లు ఉంచండి: ఏ ఏడు, ఎక్కడ చూశాం. రెండు గైడ్లు తేడాగా ఉంటే పెన్సిల్‌తో రెండూ రాయండి. మీరు ఆడబోయే యుద్ధం తేదీకి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి. మీ రెజిమెంట్ లాయిటెన్ యుద్ధం (1757 డిసెంబర్ 5) కోసమైతే, 1762 నాటి ఆధారం కన్నా 1755 నాటిదే మేలు.

ఇక ల్యాపెల్స్. ప్రష్యాలో అన్ని రెజిమెంట్లకూ ల్యాపెల్స్ లేవు, కొన్నిటికి కాలర్ కూడా లేదు. ఇక్కడ గైడ్ తప్పితే బ్రష్‌తో దిద్దలేం, ఎందుకంటే ల్యాపెల్ బొమ్మలోనే అచ్చుపోసి ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయం పెయింట్ కొనడానికి ముందు కాదు, బొమ్మలు కొనడానికి ముందే తేల్చుకోవాలి. ల్యాపెల్ ఉన్న బొమ్మనే ల్యాపెల్ లేని రెజిమెంట్‌కు వాడక తప్పదనుకుంటే, ల్యాపెల్‌ను కోటు రంగుతోనే కలిపేసి, గుండీలు మాత్రం వేయండి. చేతి దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

ప్రశ్న: ఒక సినారియోలో (ఆట కోసం రాసిన యుద్ధ వివరణలో) ‘హోవర్డ్స్ రెజిమెంట్’ అని ఉంది, నంబర్ లేదు. గైడ్లో హోవర్డ్ పేరే కనబడదు.

జవాబు: బ్రిటన్‌లో 1751 రాయల్ వారెంట్‌కు (రాజాజ్ఞకు) ముందు రెజిమెంట్‌ను దాని కల్నల్ పేరుతోనే పిలిచేవారు. ఆస్ట్రియన్ వారసత్వ యుద్ధంలో హోవర్డ్ అనే కల్నళ్లు ఇద్దరున్నారు, వాళ్ల రెజిమెంట్లు కూడా రెండు. ఫేసింగ్ (కఫ్, ల్యాపెల్ లాంటి భాగాల) రంగు బట్టి ఒకదాన్ని గ్రీన్ హోవర్డ్స్ అనీ, ఇంకోదాన్ని బఫ్ హోవర్డ్స్ అనీ విడదీసి పిలిచారు. మొదటిది 19వ ఫుట్ (పదాతి రెజిమెంట్), రెండోది 3వ ఫుట్. మీ సినారియోలో ఏది రాశారో తెలియాలంటే బ్రిగేడ్‌లో పక్కన నిలిచిన రెజిమెంట్ల పేర్లు చూసి ఆ యుద్ధం సైనిక పట్టికతో సరిపోల్చాలి.

ప్రష్యా, ఆస్ట్రియాలతో తలనొప్పి ఇంకా ఎక్కువ. అక్కడ రెజిమెంట్ పేరు అధిపతి పేరే. ఆయన చనిపోయినా, పదవి మారినా పేరు మారిపోతుంది. లాయిటెన్‌లో మేయరింక్ రెజిమెంట్‌గా పేరు తెచ్చుకున్న దళాన్నే గైడ్లు 26వ పదాతి రెజిమెంట్ అంటాయి. యుద్ధం ముగిసేలోపు అదే దళం వేరే పేర్లతో కనిపిస్తుంది. ఒకే ఇంటిపేరున్న అధిపతులు ఇద్దరుంటే పేరు ముందు ‘ఆల్ట్’ (పెద్ద), ‘యుంగ్’ (చిన్న) అని తగిలిస్తారు. ఆస్ట్రియా సైన్యంలో ఆల్ట్-వోల్ఫెన్‌బ్యూటెల్, యుంగ్-వోల్ఫెన్‌బ్యూటెల్ అలాంటి జంటే. ఆ చిన్న మాట వదిలేశారో, వేరే రెజిమెంట్ కోటు పెయింట్ చేసినట్టే.

ఆస్ట్రియా రెజిమెంట్లకు అధికారికంగా నంబర్లు వచ్చింది 1769లో. అంటే 1757 యుద్ధానికి ‘ఐఆర్ 10’ (10వ పదాతి రెజిమెంట్) అని గైడ్ రాసిందంటే అది మన సౌకర్యానికి వెనక్కి తీసుకెళ్లి తగిలించిన నంబరు. దాన్ని వాడండి, తప్పులేదు, పేర్లతో తంటాలు పడటం కన్నా హాయి. కానీ ఆనాటి ఉత్తరాల్లో, పట్టికల్లో ఆ నంబరు కోసం వెతక్కండి. అధిపతుల పేర్లు ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు అన్న పట్టిక ఉన్న గైడ్‌ను, రంగు బొమ్మలు ఒక్కటీ లేకపోయినా, మిగతా వాటికన్నా ముందు కొనాలి.

ప్రశ్న: మిండెన్ యుద్ధం కోసం ఆరు బ్రిటిష్ బెటాలియన్లు చేస్తున్నాను. చేతిలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం బొమ్మలు బోలెడున్నాయి. పెయింట్‌తో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: పెయింట్‌తో కుదరదు. 1751 వారెంట్ కోటుకూ 1768 వారెంట్ కోటుకూ తేడా కత్తిరింపులోనే ఉంది. మిండెన్ (1759 ఆగస్టు 1) నాటి సైనికుడి కోటు వదులు, కఫ్ పెద్దది, వెయిస్ట్‌కోటు తొడల దాకా వేలాడేది, అది కూడా ఎరుపే. గ్రెనేడియర్ల (ఏరి కూర్చిన సైనికుల) తల మీద గుడ్డ మైటర్ టోపీ, అంటే బిషప్ టోపీలా ఎత్తుగా మొన తేలింది. 1768 తరువాత కోటు ఒంటికి అతుక్కుంది, కఫ్ చిన్నదై గుండ్రంగా మారింది, వెయిస్ట్‌కోటు పొట్టిదై తెలుపో బఫ్‌నో అయింది, గ్రెనేడియర్‌కు ఎలుగుబంటి తోలు టోపీ వచ్చింది. రెజిమెంట్ నంబరున్న గుండీలు కూడా 1767లో వచ్చినవే. మీ దగ్గరున్న బొమ్మల్లో టోపీ మార్చి, కఫ్ మీద పుట్టీ కట్టి పెద్దది చేస్తే వెనక వరుసల్లో దాచుకోవచ్చు. ముందు వరుసకు మాత్రం సరైన బొమ్మలే కావాలి.

మీరు చేయబోయే ఆరింటి ఫేసింగ్‌లు: 12వ ఫుట్ పసుపు, 20వది వెలిసిన లేత పసుపు, 23వది (రాయల్ వెల్ష్ ఫ్యూసిలియర్స్) నీలం, 25వది ముదురు పసుపు, 37వది పసుపు, 51వది ఆకుపచ్చ. ఆరింటిలో నాలుగు పసుపే కావడంతో వాటి మధ్య తేడా కనబడేలా నాలుగు డబ్బాలు విడిగా కలిపి పెట్టుకోండి. ఒకే డబ్బాతో నాలుగూ వేస్తే బల్ల మీద అన్నీ ఒకే దళంలా కలిసిపోతాయి. బ్రీచెస్ అన్నిటికీ ఎరుపు, 23వ దానికి మాత్రం నీలం, ఎందుకంటే అది రాయల్ రెజిమెంట్. 1751 వారెంట్ జాబితాలో 51వది మీకు దొరకదు. ఆ రెజిమెంట్‌ను 1755 చివర్లో 53వదిగా ఏర్పాటు చేశారు. ముందున్న 50, 51 రెజిమెంట్లను రద్దు చేశాక అది 51గా మారింది. ‘1751లో 51వ ఫుట్’ అని ఏ గైడ్లోనైనా ఉంటే అది పొరపాటే.

డ్రమ్మర్ కోటు మర్చిపోకండి. మామూలు రెజిమెంట్‌లో డ్రమ్మర్ కోటు ఫేసింగ్ రంగులో ఉంటుంది, కఫ్, ల్యాపెల్ మాత్రం ఎరుపు. అంటే 51వ ఫుట్ డ్రమ్మర్ ఆకుపచ్చ కోటు తొడుక్కుంటాడు. 23వ దాని డ్రమ్మర్ది మాత్రం రాజు లివరీ (రాజ సేవకుల దుస్తులు): ఎర్ర కోటు, నీలి ఫేసింగ్, రాయల్ లేస్. ఒక్కో బెటాలియన్‌కు ఒక్క డ్రమ్మర్ పెడితే చాలు, దూరం నుంచే ఏ దళమో తెలిసిపోతుంది.

లేస్ సంగతి. సైనికుల లేస్‌లో ఒక్కో రెజిమెంట్‌కు వేర్వేరు రంగు గీతలుండేవి. 1751 వారెంట్ ఫేసింగ్, టోపీలు, పతాకాల గురించి చెబుతుంది కానీ ఈ లేస్ గీతలు చెప్పదు. వాటికి డేవిడ్ మోరియర్ గీసిన గ్రెనేడియర్ చిత్రాలే ఆధారం, అవి బ్రిటిష్ రాజ సేకరణలో ఉన్నాయి. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద లేస్ వెడల్పు ఒక బ్రష్ వెంట్రుక అంత. దానిలో రెండు రంగు గీతలు వేయాలని చూస్తే మురికి బూడిద తాడులా తయారవుతుంది. లేస్‌ను తెల్లగా వేసి వదిలేయండి. గీతలు ముందు నిలిచే గ్రెనేడియర్ లాంటి ఒకటి రెండు బొమ్మలకే.

ప్రశ్న: ఆస్ట్రియా సైన్యం తెల్ల కోట్లు పెయింట్ చేస్తే సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. ఏ తెలుపు వాడాలి?

జవాబు: నికార్సైన తెలుపు అసలు వాడకూడదు, కనీసం మొదటి మూడు దశల్లో. ఆస్ట్రియా, ఫ్రాన్సు పదాతి దళాల కోటు బట్ట రంగు వేయని ఉన్ని. ఫ్రాన్సులో దాని పేరే గ్రి-బ్లాంక్, అంటే బూడిద కలిసిన తెలుపు. అసలు బట్టలోనే కొంచెం పసుపు, కొంచెం బూడిద ఉంటాయి. డబ్బాలోని తెలుపు ఆ రెండూ లేనిది కాబట్టి సున్నంలా కొడుతుంది. దానికి తోడు తెల్ల పిగ్మెంట్ మందం. ఒకే పూతలో కప్పేయాలని చిక్కగా వేస్తే మడతలు పూడిపోయి సుద్దలా పొడిపొడి అవుతుంది.

దశలు ఇవి. నల్ల ప్రైమర్ వద్దు, లేత బూడిద ప్రైమర్ వేయండి. ఆరాక మొత్తం కోటు మీద లేత బూడిదలో ఇసుక రంగు కలిపి (మూడు పాళ్లకు ఒక పాలు) పల్చటి పూతలు రెండు వేయండి. గోధుమ రంగు వాష్‌ను (బాగా పల్చన చేసిన పెయింట్‌ను) కోటంతా పూయకండి. సన్నని బ్రష్‌తో మడతల లోపల, కఫ్ కింద, బెల్టు పక్కన, ల్యాపెల్ అంచున మాత్రమే తాకించండి. ఆ తరువాత మడతలు వదిలేసి మిగతా చోట మీగడ తెలుపు. చివరికి నికార్సైన తెలుపు రెండు మూడు చోట్లే: భుజం పైభాగం, మోచేతి మడత, మోకాలి ముందు. ఆస్ట్రియా వాళ్లకు ఇసుక రంగు కాస్త తగ్గించండి, ఫ్రెంచి వాళ్లకు బూడిద కాస్త పెంచండి. పక్కపక్కన పెట్టినప్పుడు ఆ తేడా బాగుంటుంది.

ఇందులో ఎక్కువమంది పొరపాటు పడేది బెల్టు దగ్గర. తెల్ల కోటు మీద తెల్ల క్రాస్‌బెల్టు. మధ్యలో ఏమీ లేకపోతే రెండూ కలిసిపోయి బెల్టు మాయమవుతుంది. బెల్టుకు రెండు వైపులా ముదురు గోధుమ గీత వేయాలి, నలుపు కాదు. నల్ల గీత తెలుపు పక్కన బొగ్గుతో గీసినట్టుంటుంది. పెయింట్‌లో నీళ్లు ఎక్కువ కలిపి బ్రష్ మొనతో బెల్టు అంచు వెంట లాగితే ద్రవమే గాడిలోకి దిగుతుంది. గీత లావైతే కంగారు పడకండి. ఆరనిచ్చి, బెల్టు తెలుపుతో ఒక వైపు, కోటు తెలుపుతో రెండో వైపు నొక్కుకుంటూ రండి. సన్నబడుతుంది. బెల్టుకు మాత్రం నికార్సైన తెలుపే వాడండి, పైప్‌క్లే (తెల్ల మట్టి) పూసిన తోలు కోటు కన్నా తెల్లగానే కనిపించేది.

ఆస్ట్రియా ఫేసింగ్‌ల గురించి ఒక హెచ్చరిక. చాలామంది గైడ్ రచయితలు ఆధారపడేది 1762 నాటి అల్బెర్టినా చేతిరాత ప్రతి మీద, అది వియన్నాలో ఉంది. అది యుద్ధం చివరి కాలపు సైన్యం. 1757లో లాయిటెన్, కోలిన్ యుద్ధాల్లో పోరాడిన సైన్యంలో కొన్ని రెజిమెంట్ల ఫేసింగ్ వేరు. పైగా ఎర్ర ఫేసింగ్ ఉన్న రెజిమెంట్లు ఎన్నో. వాటిని గుండీల రంగు, కోటు వివరాలు పట్టే విడదీయగలం. గుండీలు పసుపా తెలుపా అన్న గళ్లు నోట్‌బుక్‌లో ఖాళీగా వదలొద్దని చెప్పేది అందుకే. ఫిరంగి దళం కోటు మాత్రం గోధుమ రంగు, ఎర్ర ఫేసింగ్. పదాతి తెలుపుతో కలిపేయకండి. హంగేరియన్ పదాతి రెజిమెంట్లకు బిగుతైన లాగులు (ఎక్కువగా నీలివి), అవి పెయింట్‌తో కుదరవు, బొమ్మే వేరు.

ప్రశ్న: ప్రష్యన్ నీలం ఎంత ముదురు?

జవాబు: మీరు అనుకున్నదానికన్నా ముదురు. ఆ పేరున్న పిగ్మెంట్ 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది, కానీ కోటు బట్టకు రంగు వేసింది నీలిమందుతో. దాదాపు నలుపుకు చేరువయ్యే నీలం. ముదురు నేవీ నీలంలో నాలుగో వంతు నలుపు కలిపి బేస్ వేసి, పైన నేవీ మాత్రమే వేసి, అంచులకు నీలిబూడిద తాకించండి. అంచులకు తెలుపు కలిపారంటే సైన్యమంతా ఆకాశం రంగులోకి జారిపోతుంది. ప్రష్యా డ్రాగూన్లు (గుర్రపు దళం), బవేరియా పదాతి ఆ లేత నీలంలోనే ఉంటారు కాబట్టి ఆ రంగు వాళ్లకు దాచి ఉంచాలి. పదాతి టర్న్‌బ్యాక్ ఎరుపు, అది ఒక్క గీతే అయినా బెటాలియన్‌కు ప్రాణం పోస్తుంది.

ఎరుపు గురించి కూడా ఇదే ఉత్తరంలో అడిగారు. బ్రిటిష్ సైనికుడి కోటు మంజిష్ఠ వేరుతో రంగు వేసిన ఇటుక ఎరుపు, ఆఫీసర్ది కోచినీల్ స్కార్లెట్. ఒకే డబ్బాతో ఇద్దరికీ వేయకండి. సైనికుడికి ఎర్రగోధుమ బేస్ మీద ఎరుపు, ఆఫీసర్‌కు అదే ఎరుపు మీద నారింజ అంచులు. ఎరుపును తెలుపుతో తేలిక చేస్తే గులాబీ అయిపోతుంది. పసుపును నలుపుతో ముదురు చేస్తే ఆకుపచ్చ కొడుతుంది, గోధుమతో చేయండి.

ప్రశ్న: ఒకే ప్రష్యన్ గ్రెనేడియర్ బెటాలియన్‌లో సగం మంది టోపీ పలక ఇత్తడి, సగం మందిది తెల్ల లోహం అని గైడ్ చూపిస్తోంది. అచ్చు తప్పా?

జవాబు: తప్పు కాదు. యుద్ధం మొదలైతే రెండు రెజిమెంట్ల గ్రెనేడియర్ కంపెనీలను, ఒక్కోదాని నుంచి రెండేసి, కలిపి ఒక బెటాలియన్ చేసేవారు. ఇరవై నాలుగు బొమ్మల దళమైతే పన్నెండు ఒక యూనిఫాం, పన్నెండు ఇంకోటి. ఎడమ సగం, కుడి సగం అన్నట్టు నిలబెట్టండి, కలగలుపు వద్దు. ఆ బెటాలియన్‌ను కమాండర్ పేరుతో పిలుస్తారు. పతాకం ఇవ్వకండి, గ్రెనేడియర్ బెటాలియన్లకు లేదు.

ప్రశ్న: ‘ఫిలెమోట్ పసుపు’, ‘గాస్లింగ్ ఆకుపచ్చ’, ‘పాయ్’, ‘పొన్సో’... ఈ పేర్ల డబ్బాలు ఏ కంపెనీవీ కనిపించవు.

జవాబు: బట్టల వ్యాపారులు వాడిన మాటలు ఇవి. ఫిలెమోట్ అంటే ఎండుటాకు పసుపు, 1751లో 13వ ఫుట్ ఫేసింగ్. గాస్లింగ్ అంటే పసుపు కలిసిన మసక ఆకుపచ్చ, 5వ ఫుట్‌ది. పాయ్ అంటే గడ్డి రంగు, పొన్సో అంటే గసగసాల పువ్వు ఎరుపు. ‘ఇసబెల్లె’ అని కనిపిస్తే మీగడలో పసుపు కలిసిన రంగు. వీటి ఖచ్చితమైన ఛాయ కోసం రోజుల తరబడి వెతక్కండి. ఎండకూ వానకూ ఏడాది తిరిగేసరికి కొత్త బట్ట వేరే రంగులోకి వెళ్లేది. పక్క దళం రంగు నుంచి ఇది తేడాగా కనిపిస్తోందా అన్నదే మీకు ముఖ్యం.

ప్రశ్న: పతాకాలు కాగితం మీద ముద్రించుకున్నాను. బ్రిటిష్ దానిలో ఏదో తేడా ఉందని స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: యూనియన్‌లో ఎర్ర అడ్డగీతల ‘ఎక్స్’ ఉందా చూడండి. ఉంటే చింపేయండి. సెయింట్ పాట్రిక్ ఎర్ర గీత చేరింది 1801లో. అంతకు ముందు నీలం నేల మీద తెల్ల ‘ఎక్స్’, దాని పైన తెల్ల అంచున్న ఎర్ర శిలువ మాత్రమే. రెజిమెంట్ పతాకం మధ్యలో గులాబీ, తిస్సిల్ (ముళ్ల పువ్వు) కలిపిన పూల దండ ఉండాలి. మూడాకుల షామ్రాక్ కనిపించినా అది 1801 తరువాతి బొమ్మే.

బ్రిటిష్ బెటాలియన్‌కు రెండు పతాకాలు: పూర్తి యూనియన్‌గా ఉండే రాజు పతాకం, ఫేసింగ్ రంగు నేల మీద కర్ర వైపు పై మూల చిన్న యూనియన్ ఉన్న రెజిమెంట్ పతాకం. ఇవి పెద్దవి, దాదాపు ఆరడుగుల గుడ్డ. 28 మిల్లీమీటర్ల బొమ్మకు దాదాపు 33 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్ల బొమ్మకు దాదాపు 18 మిల్లీమీటర్లు రావాలి. చాలా ముద్రిత షీట్లు దీనికి బాగా తక్కువ కొలతలో ఉంటాయి, కొలిచి చూసుకోండి. ప్రష్యాలో ఒక మస్కటీర్ (మామూలు పదాతి) బెటాలియన్‌కు ఐదు పతాకాలు ఉండేవి, మొదటి బెటాలియన్‌లో ఒకటి తెల్ల లైబ్‌ఫానె (ముఖ్య పతాకం). బల్ల మీద రెండు పెడితే బాగుంటుంది, ఐదూ పెడితే బొమ్మలు తక్కువ, గుడ్డలు ఎక్కువ అవుతాయి. ఫ్రెంచి రెజిమెంట్లలో తెల్ల శిలువ నాలుగు రంగుల గళ్లను విడదీస్తుంది. కల్నల్ పతాకం మాత్రం పూర్తిగా తెలుపు, అది మొదటి బెటాలియన్‌దే.

కాగితాన్ని పీవీఏ జిగురుతో కర్ర చుట్టూ మడిచి, తడిగా ఉండగానే వేళ్లతో అలలు తిప్పండి. ఆరాక తెల్లగా మిగిలే అంచులను పక్కనున్న రంగుతో కప్పండి. ఈ ఒక్కటి చేయకపోతే ఎంత మంచి ముద్ర అయినా కాగితమని తెలిసిపోతుంది.

ప్రశ్న: నిజంగా యుద్ధంలో అంతా ఇంత శుభ్రంగా నిబంధన ప్రకారం ఉండేవాళ్లా?

జవాబు: ఉండేవాళ్లు కాదు. గైడ్లు చూపించేది పరేడ్. యుద్ధయాత్రలో గెయిటర్లు (కాళ్ల తొడుగులు) తెలుపు బదులు నలుపో గోధుమో ఉండేవి, బ్రీచెస్ చిరిగితే దొరికిన గుడ్డతో మాసిక వేసుకునేవారు. రష్యా పదాతి కోటు ఆకుపచ్చ, ఎర్ర ఫేసింగ్, కింద ఎర్ర వెయిస్ట్‌కోటు. వేసవిలో కోటు విప్పేసి వెయిస్ట్‌కోటుతోనే పోరాడిన సందర్భాలున్నాయి, అంటే ఎర్ర సైన్యంగానే కనిపించారు. రష్యా ఫిరంగి వాళ్లది ఎర్ర కోటే, కానీ నల్ల ఫేసింగ్. ఒకే బెటాలియన్‌లో మూడో వంతు బొమ్మలకు గెయిటర్లు మురికి గోధుమ, ఇద్దరికి వేరే రంగు బ్రీచెస్ వేస్తే చాలు. అన్నిటికీ మురికి పూస్తే రెజిమెంట్ గుర్తులు పోతాయి. ఫేసింగ్, పతాకం శుభ్రంగా ఉంచండి, కాళ్ల నుంచి పైకి బురద వెళ్లనివ్వండి.

ప్రశ్న: ఆరు మిల్లీమీటర్ల బొమ్మలకు ఈ గైడ్లన్నీ అవసరమా?

జవాబు: ఒక్కటి చాలు, పేర్లూ సంవత్సరాలూ ఉన్నది. మూడు విషయాలు మాత్రం చూడండి: కోటు రంగు, కఫ్-ల్యాపెల్ రంగు, టోపీ ఆకారం. మైటర్ టోపీ ముందు భాగం మీద ఒక చుక్క లోహపు రంగు, ల్యాపెల్ స్థానంలో ఒక చిన్న గీత, కఫ్‌ల దగ్గర రెండు చుక్కలు, తోలు సంచికి నలుపు. గుండీలు, లేస్, టర్న్‌బ్యాక్ వద్దు. నల్ల ప్రైమర్ వేసి మడతల్లో నలుపు మిగిలేలా పైపైన రంగు వేస్తే నీడల పని దానంతట అదే అయిపోతుంది, తెల్ల కోట్లకు మాత్రం ముదురు బూడిద ప్రైమర్. పతాకాన్ని అసలు కొలత కన్నా రెండింతలు పెద్దగా ఉంచండి, ఆ సైజులో దళాన్ని గుర్తుపట్టేది దాంతోనే.